పాత కంప్యూటర్‌లో డిస్క్ కనబడకపోతే ‘క్లీన్’ కొట్టమంటున్నారు, దయచేసి కొట్టకండి

పాత కంప్యూటర్‌కి హార్డ్ డిస్క్ బిగించుకునేవాళ్ల కోసమంటూ ఒక మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. నాకే మూడు చోట్ల నుంచి వచ్చింది. అందులో ఉన్నది ఇంతే: డిస్క్ మై కంప్యూటర్‌లో కనబడకపోతే అది పోయినట్టే, షాపులో తిరిగి ఇచ్చేయండి. 1 టీబీ డిస్క్ 931 జీబీ చూపిస్తే డూప్లికేట్. 2 టీబీ దాటిన డిస్క్ పాత కంప్యూటర్ తీసుకోదు. నాలుగైదు పార్టిషన్లు (డిస్క్‌ని విడదీసిన భాగాలు, సీ, డీ డ్రైవ్‌ల్లాంటివి) చేసుకుంటే డేటా సేఫ్. ఇన్ని చేసినా పార్టిషన్ మొండికేస్తే డిస్క్‌పార్ట్ (విండోస్‌లోని ఒక కమాండ్ ప్రోగ్రాం) తెరిచి క్లీన్ అని కొట్టండి, అన్నీ సర్దుకుంటాయి.

పాత కంప్యూటర్లు విప్పి బిగించడమే నా పని. ఈ ఐదింటిలో ఒకటి సగం నిజం, మూడు తప్పు. చివరిది మాత్రం జనం పెళ్లి ఫోటోలనీ, ఆఫీసు లెక్కలనీ ఊడ్చిపెడుతోంది. అది కళ్లారా చూశాను కాబట్టే ఇంత రాస్తున్నాను.

మొదటి మాట సంగతి. మై కంప్యూటర్‌లో కనబడేవి డ్రైవ్ అక్షరం ఉన్న పార్టిషన్లు. విడిగా కొన్న కొత్త ఇంటర్నల్ డిస్క్ మీద మామూలుగా పార్టిషన్ అంటూ ఏదీ ఉండదు, ఇక అక్షరం ఎక్కడి నుంచి వస్తుంది? మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్ చేసి మేనేజ్ నొక్కి, డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. కింది వరుసలో నల్లటి పట్టీతో అన్ అలొకేటెడ్ అని ఉంటే డిస్క్ నిక్షేపంగా ఉన్నట్టే. ఇనిషియలైజ్ చేసి, అంటే ఏ పార్టిషన్ ఎక్కడుందో రాసుకునే పట్టికను డిస్క్ మీద పెట్టి, న్యూ సింపుల్ వాల్యూమ్ (కొత్త పార్టిషన్) చేసుకుంటే చాలు. ఒక్కోసారి పార్టిషన్ ఉంటుంది, హెల్దీ అనీ ఉంటుంది, అక్షరం ఒక్కటే ఉండదు. దాని మీద రైట్ క్లిక్ చేసి డ్రైవ్ లెటర్ ఇస్తే అర నిమిషంలో పని అయిపోతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇదివరకు వాడిన డిస్క్, లోపల డేటా ఉన్నది బిగించినప్పుడు కూడా ఇనిషియలైజ్ చేయమంటూ విండోస్ అడిగితే ఓకే నొక్కకండి, క్యాన్సిల్ కొట్టండి. ఓకే అంటే ఉన్న పార్టిషన్ పట్టిక మీద కొత్త పట్టిక రాయమని మీరే అనుమతి ఇచ్చినట్టు.

కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్ కంటే ముందు నడిచే బయోస్‌లోనే డిస్క్ పేరు రాకపోతే అది వేరే కథ. కేబుల్ మార్చి చూడాలి, డిస్క్ కేబుల్ తగిలే ఆ సాటా పోర్టు బయోస్‌లో డిసేబుల్ అయి ఉందేమో చూడాలి. వెడల్పు పట్టీ కేబుల్ ఉన్న ఐడీఈ డిస్కులైతే డిస్క్ మొదటిదా (మాస్టర్), రెండోదా (స్లేవ్) అన్నది చెప్పే, వెనక పిన్నుల మీద ఉన్న చిన్న జంపర్ క్లిప్పు చూడాలి. ఒకే కేబుల్ మీద రెండు డిస్కులూ మాస్టర్‌గా ఉంటే రెండూ కనబడకపోవచ్చు. వయా వీటీ8237 చిప్ ఉన్న పాత బోర్డులది ఇంకో ఇబ్బంది. తర్వాత వచ్చిన వేగమైన సాటా డిస్కులను అవి గుర్తించలేవు. డిస్క్ మీద జంపర్ పెట్టి వేగాన్ని సెకనుకు 1.5 గిగాబిట్లకు దించితే అదే డిస్క్ చక్కగా పలుకుతుంది. ఇవేవీ చూడకుండా షాపుకి తిరిగి తీసుకెళితే, అదే కంప్యూటర్‌లో వాళ్లిచ్చే రెండో డిస్కూ కనబడదు.

931 సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. డిస్క్ తయారీదారు వెయ్యి చొప్పున లెక్కేస్తాడు, 1 టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు. విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది. లక్ష కోట్లను 1024తో మూడుసార్లు భాగించండి, 931 వస్తుంది. అదే లెక్కన 500 జీబీ డిస్క్ 465 చూపిస్తుంది. ఇందులో మోసమేమీ లేదు. నకిలీ డిస్కులు లేవనడం లేదు, కానీ అవి సైజు బాగానే చూపించి, నింపుతూ పోయేకొద్దీ ఫైళ్లు పాడుచేస్తాయి. అనుమానం ఉంటే పూర్తిగా నింపి, తిరిగి చదివి చూడడమే పరీక్ష.

సగం నిజమని చెప్పింది 2 టీబీ మాట గురించి. దీన్ని కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే ఇది నమ్మి మంచి డిస్కులను మూలన పడేసినవాళ్లు ఉన్నారు.

ఆ హద్దు కంప్యూటర్ వయసుది కాదు, పార్టిషన్ పట్టికది. ఎంబీఆర్ అనే పాత పట్టికలో సెక్టార్ (డిస్క్‌ని విభజించిన చిన్న గడి) నంబరు రాసుకోవడానికి 32 బిట్ల చోటే ఉంది. అందులో పట్టే సంఖ్యలు 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. ఒక్కో సెక్టార్ 512 బైట్లు. గుణించి చూడండి, సుమారు 2.2 లక్షల కోట్ల బైట్లు. విండోస్ లెక్కలో సరిగ్గా 2048 జీబీ. అంతకు మించిన సెక్టార్‌కి ఆ పట్టికలో నంబరే లేదు. అందుకే 3 టీబీ డిస్క్‌ని ఎంబీఆర్‌గా ఇనిషియలైజ్ చేస్తే 2048 జీబీ ఒక ముక్కగా, 746 జీబీ నల్ల పట్టీగా మిగిలిపోతుంది. ఆ నల్ల పట్టీ మీద రైట్ క్లిక్ చేస్తే న్యూ సింపుల్ వాల్యూమ్ అన్నది వెలిసిపోయి ఉంటుంది, నొక్కినా నొక్కబడదు.

జీపీటీ అనే కొత్త పట్టికకు ఈ హద్దు లేదు. దానికి యూఈఎఫ్ఐ (బయోస్ స్థానంలో వచ్చినది) ఉన్న కొత్త బోర్డు కావాలని కొందరంటారు. విండోస్ ఆ డిస్క్ నుంచే బూట్ అవ్వాలంటే అవును, కావాలి. డేటా దాచుకునే రెండో డిస్క్‌కి అక్కర్లేదు. విస్టా నుంచి ఏ విండోస్ అయినా, 32 బిట్ అయినా, బయోస్ బోర్డు మీద ఉన్నా సరే, జీపీటీ డేటా డిస్క్‌ని చదువుతుంది, రాస్తుంది. పాత చిన్న డిస్క్‌లో విండోస్‌ని అలాగే ఎంబీఆర్ మీద ఉంచి, పక్కన 4 టీబీ డిస్క్‌ని జీపీటీగా పెట్టి చాలామందికి నడిపిస్తున్నాను. కొన్ని చోట్ల 3 టీబీ డిస్క్ మొత్తమే 746 జీబీ అని చూపిస్తుంది. అప్పుడు తప్పు పాత స్టోరేజ్ డ్రైవర్‌ది, దాన్ని అప్‌డేట్ చేయాలి. అది చేసేదాకా ఆ డిస్క్ మీద ఏమీ రాయకండి.

నాలుగైదు పార్టిషన్లు చేసుకుంటే డేటా సేఫ్ అన్నారు. విండోస్ పాడై సీ డ్రైవ్ ఫార్మాట్ చేయాల్సి వచ్చినప్పుడు డీ డ్రైవ్ మిగులుతుంది, అంతవరకు ఒప్పుకుంటాను. డిస్కే పోతే అన్ని అక్షరాలూ ఒకేసారి పోతాయి. అన్ని గదులకూ ఒకటే పైకప్పు. పైగా ఎంబీఆర్‌లో ప్రైమరీ పార్టిషన్లు నాలుగే పడతాయి. విండోస్ 7 కాలం నాటి కంపెనీ ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ఆ నాలుగూ ముందే నిండి వచ్చేవి. అక్కడ ఐదోది చేయబోతే డిస్క్‌ని డైనమిక్‌గా మారుస్తానంటూ ఒక హెచ్చరిక వస్తుంది. టెన్షన్‌లో చాలామంది అది చదవకుండా యస్ నొక్కేస్తారు. మళ్లీ మామూలు బేసిక్ డిస్క్‌గా మార్చాలంటే విండోస్ పద్ధతిలో అన్ని వాల్యూములూ తీసేయాల్సిందే.

ఇక క్లీన్ దగ్గరికి వస్తాను.

మా వీధి చివర స్టూడియో నడిపే అన్న ఒకాయన ఉన్నారు. ఆయన ఫోటో ప్రింటర్‌కి డ్రైవర్ ఎక్స్‌పీకి తప్ప దొరకదు, అందుకని ఒక ఎక్స్‌పీ కంప్యూటర్‌ని కాపాడుకుంటూ వస్తున్నారు. కొత్త కంప్యూటర్‌లోని 1 టీబీ డిస్క్ విప్పి, ప్రింట్లు తీయడానికని దీనికి బిగించారు. ఫోటోలు రాలేదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో జీపీటీ ప్రొటెక్టివ్ పార్టిషన్ అని ఒకే పట్టీ. రైట్ క్లిక్ చేస్తే ఏదీ పనిచేయదు. అదే సమయానికి ఈ మెసేజ్ ఆయన ఫోన్‌లో ఉంది.

“తమ్ముడూ, పార్టిషన్ లాక్ అయిపోయిందనుకుని క్లీన్ కొట్టాను. డిస్క్ చక్కగా వచ్చింది. ఫార్మాట్ చేసి మొన్నటి రెండు పెళ్లిళ్లు కూడా కాపీ చేశాను. పాతవి ఎక్కడున్నాయో మాత్రం కనబడట్లేదు” అన్నారు డిస్క్ నా చేతిలో పెడుతూ.

ప్రొటెక్టివ్ అన్న మాట ఊరికే రాలేదు. జీపీటీ తెలియని పాత సిస్టమ్ ఆ డిస్క్‌ని చూసి ఖాళీ అనుకుని దాని మీద రాసేయకుండా, డిస్క్ అంతా నిండిపోయిందని చెప్పే పార్టిషన్ ఒకటి మొదటి సెక్టార్‌లో పెడతారు. 32 బిట్ ఎక్స్‌పీకి జీపీటీ రాదు, కాబట్టి ఆ కాపలావాడి దగ్గరే ఆగిపోయింది. డిస్క్ బాగుంది, డేటా బాగుంది. విండోస్ 7 ఉన్న ఏ కంప్యూటర్‌కైనా తగిలించి ఫోటోలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంటే ఆ రోజే ప్రింట్లు వచ్చేవి. క్లీన్ ఆ కాపలావాడినీ, వెనకున్న అసలు పట్టికనీ కలిపి తుడిచేసింది. నిజంగా తుడవమంటారా అని ఒక్కసారి కూడా అడగదది.

క్లీన్‌కి చోటు లేదనను. కొత్త డిస్క్ అయితే, లేదా లోపలున్నదంతా వేరే చోట కాపీ ఉంటే, కొట్టండి. ముందు లిస్ట్ డిస్క్ అని కొట్టి, సైజు చూసి, నంబరు సరిచూసుకోండి. ఒకవేళ పొరపాటున కొట్టేశారనుకోండి, అక్కడితో ఆగిపోండి. ఫార్మాట్ వద్దు, కాపీ వద్దు. ఉత్త క్లీన్ పోగొట్టేది పట్టికనే, ఫోటోలు ఉన్నచోటే ఉంటాయి, టెస్ట్‌డిస్క్ లాంటి ఉచిత ప్రోగ్రాం పాత పార్టిషన్‌ని చాలాసార్లు వెతికి పట్టుకుంటుంది. క్లీన్ ఆల్ అని కొడితే మాత్రం ప్రతి సెక్టార్ మీదా సున్నాలు రాస్తుంది, ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు.

స్టూడియో అన్న ఫార్మాట్ దాకా వెళ్లిపోయారు కాబట్టి పార్టిషన్ సాఫీగా రాలేదు. డిస్క్ అంతా జల్లెడ పట్టి ఫోటోలను ఒక్కొక్కటిగా తీయాల్సి వచ్చింది. చాలావరకు దొరికాయి, ఫోల్డర్లూ పేర్లూ పోయాయి. కొత్తగా కాపీ చేసిన రెండు పెళ్లిళ్లు పడిన చోట ఉన్న పాతవి రానే రాలేదు. తేదీ ఫోటోలోనే ఉంటుంది కాబట్టి నెలల వారీగా విడదీసి ఇచ్చాను. ఒకే ముహూర్తానికి ఆయనా, ఆయన తమ్ముడూ రెండు ఊళ్లలో రెండు పెళ్లిళ్లు తీసిన రోజులున్నాయి. వాటిని ఇప్పుడు ఆయనా, ఆయన భార్యా రాత్రిళ్లు కూర్చుని, పెళ్లికూతురి చీర రంగూ, మండపం పూలూ చూసి, ఎవరివి ఎవరికో వేరు చేస్తున్నారు.