యుద్ధవీరుడికి పోలీసు అధికారం ఇస్తే

తెలుపు, ఊదా, తెలుపు. సమానంగా మూడు నిలువు చారలున్న రిబ్బన్, దానికి వేలాడే వెండి శిలువ. బ్రిటిష్ సైన్యంలో సాహసానికి ఇచ్చే మిలిటరీ క్రాస్ అంటే ఇదే. రెండోసారి గెలిచినవాడికి మరో శిలువ ఇవ్వరు, ఆ రిబ్బన్ మీదే చిన్న వెండి పట్టీ చేరుస్తారు. రెండో ప్రపంచయుద్ధంలో పోరాడిన బ్రిటిష్ మేజర్ రాయ్ ఫరాన్ రిబ్బన్ మీద అలాంటి పట్టీలు రెండున్నాయి. డిస్టింగ్విష్డ్ సర్వీస్ ఆర్డర్ అనే మరో సైనిక పురస్కారం అదనం. యుద్ధం ముగిసేనాటికి అతనికి 24 ఏళ్లు.

అవేవీ ఊరికే వచ్చినవి కావు. 1941లో క్రీట్ దీవిలో గాయపడి జర్మన్లకు చిక్కాడు. ఏథెన్స్‌లోని ఆస్పత్రి నుంచి కంచె కింద పాక్కుంటూ తప్పించుకున్నాడు. 1945 మార్చిలో ఇటలీలోని అల్బినేయాలో జర్మన్ల సైనిక కార్యాలయం మీద రాత్రి దాడి నడిపాడు. ఆ ధైర్యం మీద నాకు ఏ సందేహమూ లేదు. దాన్నే పోలీసు ఉద్యోగానికి అర్హతగా లెక్కగట్టడం దగ్గరే నా అభ్యంతరం.

1947లో, బ్రిటిష్ పాలనలో ఉన్న పాలస్తీనాలో పోలీసు శాఖ అధిపతి నికోల్ గ్రే మెరైన్ దళంలో పనిచేసినవాడు. ఆయన కింద ప్రత్యేక బృందాలు ఏర్పాటు చేసిన బెర్నార్డ్ ఫెర్గూసన్ బర్మా అడవుల్లో శత్రువు వెనక పోరాడే చిండిట్ దళాన్ని నడిపినవాడు. మఫ్టీలో తిరిగే ఆ బృందాల్లో ఒకటి ఫరాన్ చేతికి వచ్చింది. సైనికుడి పని శత్రువును దెబ్బతీయడం. పోలీసు పని అనుమానితుణ్ని ప్రాణాలతో కోర్టు ముందు నిలబెట్టడం. ఆ రెండో పని నేర్పేవాళ్లే ఆ వరసలో లేరు.

మే 6న జెరూసలేంలోని రెహావియాలో, బ్రిటిష్ పాలన మీద పోరాడే లెహి అనే యూదు రహస్య దళం ప్రచారపత్రాలతో తిరుగుతున్న 16 ఏళ్ల అలెగ్జాండర్ రుబోవిట్జ్‌ను కారులో ఎత్తుకెళ్లారు. ఆ పిల్లవాడు మళ్లీ కనబడలేదు. అక్కడ దొరికిన టోపీ లోపలి పట్టీ మీద ఫరాన్ పేరులా కనిపించే చెరిగిన అక్షరాలున్నాయి. అనుమానం తన మీదికి రాగానే అతను సిరియాకు పారిపోయాడు. తిరిగొచ్చి, మళ్లీ తప్పించుకుని, చివరికి లొంగిపోయాడు. అక్టోబర్‌లో సైనిక కోర్టు విచారించింది. అతను స్వయంగా రాసిన కాగితాలను, లాయరు కోసం రాసుకున్నవంటూ సాక్ష్యంగా తీసుకోకుండా పక్కన పెట్టారు. నోరు విప్పితే కేసు తన మెడకే చుట్టుకుంటుందని ఫెర్గూసన్ సాక్ష్యం చెప్పలేదు. శవమూ దొరకలేదు. ఫరాన్ నిర్దోషిగా బయటపడ్డాడు. మరుసటి ఏడు మేలో ‘ఆర్. ఫరాన్’ పేరుతో ఇంగ్లండ్‌లోని ఇంటికి వచ్చిన పార్శిల్ బాంబు, దాన్ని విప్పిన అతని సోదరుడు రెక్స్‌ను బలి తీసుకుంది.

ఒక్క ఫరాన్‌ను తప్పుపట్టి ఊరుకుంటే అసలు దోషులు తప్పించుకుంటారు. 1920లో ఐర్లాండ్‌లో మాజీ సైనికులతో ‘బ్లాక్ అండ్ టాన్స్’ అనే పోలీసు దళాన్ని నింపింది ఈ బ్రిటిష్ ప్రభుత్వమే. అక్కడ పోలీసులను నడిపిన ఆర్టిలరీ జనరల్ హెన్రీ ట్యూడర్‌ను 1922లో పాలస్తీనాకు పంపిందీ అదే. మన దగ్గరా అదే పద్ధతి. 1921లో మాప్పిళ్ల తిరుగుబాటు కోసం సైనిక ఫక్కీలో పుట్టించిన మలబార్ స్పెషల్ పోలీసులను ఆ వెంటనే అల్లూరి సీతారామరాజు మీదికి మన్యంలో దించారు. పరిపాలించే జనాన్నే శత్రుసైన్యంగా చూసే ప్రభుత్వానికి దర్యాప్తు తెలిసిన అధికారి అక్కర్లేదు, యుద్ధం తెలిసినవాడు చాలు.

ఫరాన్ తర్వాత కెనడాలో స్థిరపడి రాజకీయాల్లోకి వచ్చాడు. 1975లో ఆల్బర్టా రాష్ట్రంలో పోలీసు, జైళ్ల వ్యవహారాలు చూసే మంత్రి అయ్యాడు.