ముందు ఒకటి పూర్తి చెయ్యప్పా

మొన్న అనంతపురంలో క్లాక్ టవర్ దగ్గర టీ తాగుతుంటే ఒక తమ్ముడు వచ్చి పలకరించినాడు. రెండేళ్లుగా ఫీచర్ స్క్రిప్టు రాస్తున్నాడంట. "షూటింగ్ ఎప్పుడప్పా?" అంటే, "ఇంకా కాన్ఫిడెన్స్ రాలేదన్నా, వచ్చినాక మొదలుపెడతా" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేనూ నాలుగేళ్లు అదే మాట చెప్పుకుంటూ తిరిగినా.

నా బౌండ్ స్క్రిప్టు, అంటే మాటలతో సహా పూర్తిగా రాసి కుట్టించిన స్క్రిప్టు, చూసి హైదరాబాద్‌లో ఒక నిర్మాత "బాగుంది, చూద్దాం" అన్నాడు. ఆ ఒక్క "చూద్దాం" పట్టుకొని పద్నాలుగు నెలలు తిరిగినా. రాత్రి బస్సెక్కడం, పొద్దున ఆఫీసు ముందర కూర్చోవడం, మళ్లీ రాత్రి బస్సుకు వెనక్కి రావడం. ఆయన మీద నాకు కోపం లేదు, ఆయన లెక్కలు ఆయనకుంటాయి. ఆ పద్నాలుగు నెలల్లో జేబులో ఫోను పెట్టుకొని ఒక్క షాటు కూడా తీయలేదే, ఆ బాధ మాత్రం ఇప్పటికీ పోలేదు.

అందుకే ఆ తమ్ముడికి చెప్పిందే ఇక్కడా చెబుతున్నా. కాన్ఫిడెన్స్ వచ్చినాక సినిమా తీయడం అనేది జరగదు. సినిమా పూర్తయినాక కాన్ఫిడెన్స్ వస్తుంది, అదీ కొంచెమే. ఆ కొంచెంతో ఇంకోటి తీయాల. సగంలో ఆపేసిన సినిమాలు పది ఉన్నా ఆ కొంచెం కూడా రాదు.

నేను పూర్తి చేసిన మొదటిది ఆరు నిమిషాల సినిమా. మా ఇంటి పక్క అవ్వ విత్తనానికి శనక్కాయలు ఒలిచేది తీద్దామనుకున్నా. ఆమెకు నాలుగు డైలాగులు రాసుకొని పోయినా. "యాక్షన్" అనేసరికి చేతులు ఆపి, కొంగు సర్దుకొని, నేరుగా ఫోను వైపు చూసింది. నాలుగు టేకులూ అంతే. ఐదోసారి యాక్షన్ అనడం మానేసినా. ఫోను అరుగు మీద ఆనించి పెట్టి, నేనూ పోయి చాట ముందర కూర్చొని కాయలు ఒలవడం మొదలుపెట్టినా. కాసేపటికి ఫోను సంగతే మరిచిపోయింది. నీళ్లు చల్లి మెత్తబడిన కాయను రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కుతుంది, పటుక్కుమంటుంది, గింజ చాటలోకి జారుతుంది. పుచ్చు గింజ కనపడితే చూడకుండానే పక్కకు తోస్తుంది. ఉన్నట్టుండి, "మిషనుకేస్తే గింజ చితుకుతాది నాయనా. చితికిన గింజ మొలవదు" అనింది. నేను రాసుకున్న డైలాగులన్నీ తీసేసినా. సినిమా మొత్తం ఆ మాట మీద నిలబడింది.

ఆ పాఠం నాకు ఇంట్లో కూర్చొని రాసుకుంటుంటే ఎన్నేళ్లకు వచ్చేది?

తప్పులు కూడా అంతే. అదే సినిమాలో రాత్రిపూట ఇంట్లో తీసిన సీనులో గోడ మీద నల్లటి గీతలు పాకుతున్నాయి. ఎడిటింగ్‌లో చూసుకుంటే ఏడుపొచ్చింది. తర్వాత తెలిసింది, మన కరెంటు 50 హెర్ట్జ్, పాత చోక్ ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంది. ఫోను ఆటోలో సెకనుకు 30 ఫ్రేములు, అంటే 30 బొమ్మలు, పట్టుకొని పోతే ఆ రెండిటికీ పొత్తు కుదరదు. 25 ఫ్రేములు, షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుగు పడే సమయం) సెకనులో 1/50 పెట్టుకుంటే ఆ గీతలు పోతాయి. రెండో సినిమాకు ఆషాఢం గాలి దెబ్బ తగిలింది. చేను గట్టు మీద తీసిన మాటలన్నీ మైకులో హోరు కింద పోయినాయి, మొత్తం డబ్బింగ్ చెప్పించాల్సొచ్చింది. మూడో దానికి మైకుకు బొచ్చు తొడుగు వేయడం, ప్రతి లొకేషన్‌లో ఒక నిమిషం ఊరికే ఆ చోటు శబ్దం రికార్డు చేసుకోవడం అలవాటైంది.

"నాసిరకంగా పది తీసేకంటే గొప్పగా ఒకటి తీయొచ్చు కదన్నా" అంటారు. ఆ గొప్పది తీసే చెయ్యి యాడ నుంచి వస్తుంది? మాయాబజార్ తీసిన కె.వి.రెడ్డి మన తాడిపత్రి మనిషి. సినిమాల్లోకి పోయింది క్యాషియర్‌గా. ప్రొడక్షన్ పనులన్నీ చేతులమీదుగా చూసినాక దర్శకుడైనాడు. రిహార్సల్‌లోనే స్టాప్‌వాచ్ పెట్టి సీను నిడివి కొలుచుకునేవాడని చెబుతారు. ఫిల్ము అడుగుల లెక్కన ఖర్చయ్యే రోజులవి. మనకు ఫిల్ము ఖర్చు లేదు, అందుకే మన పని ఎప్పటికీ తెగడం లేదని నాకనిపిస్తుంది. ఇంకో టేకు, ఇంకో వెర్షన్, కలర్ ఇంకొంచెం. నేను ఇప్పుడు షూటింగ్ కంటే ముందు ప్రదర్శన తేదీ పెట్టుకుంటా. నలుగురికి చెబుతా. ఆ రోజుకు ఎట్లుంటే అట్లా చూపిస్తా.

ఎక్కువ దెబ్బ తీసేది గ్యాప్. ఒక సినిమాకూ ఇంకో సినిమాకూ మధ్య రెండు నెలలు దాటితే నాకు మళ్లీ మొదటి రోజు భయం వస్తుంది. ఫ్రేము పెట్టేటప్పుడు చెయ్యి తడబడుతుంది. అందుకే ఒకటి ఎడిటింగ్‌లో ఉండగానే తర్వాతి దానికి లొకేషన్ చూసొస్తా. డబ్బుల్లేని నెలలో ఒక మనిషి, ఒక గది, మూడు నిమిషాలు. అంతే.

ఇంకొకటి, మన మాట. మన కుర్రోళ్ల స్క్రిప్టులు చాలా చదివినా. కడపలో జరిగే కథ, మాటలు మాత్రం మనవి కావు. లేదంటే సుమోలు, బాంబులు, తొడ కొట్టడాలు. ఇంట్లో అమ్మతో "యాడికి పోతాండావు" అని మాట్లాడేవాడు పేజీ మీదకు రాగానే ఎందుకు మారిపోతాడు? వాడికి తన మాట మీద నమ్మకం లేదు. అది కూడా తీసి చూసుకుంటేనే వస్తుంది. అవ్వ సినిమా ఊర్లో గుడి ముందర పంచెను తెరగా కట్టి వేసినప్పుడు, ఆ విత్తనం మాట రాగానే వెనక నుంచి ఎవరో "అదీ నిజం!" అన్నారు. ఆ గొంతు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

ఇప్పుడు ఎనిమిదోది నడుస్తాంది. ఆర్టీసీ బస్టాండులో రాత్రి పూలమ్మే ఒకామె, ఐదు నిమిషాలు. ఉగాది రోజు చూపిస్తానని చెప్పేసినా. ఇంకా రెండు సీన్లు కట్ చేయాల. తమ్ముడూ, నువ్వు ఇది చదువుతుంటే ఆదివారం పొద్దున ఐదున్నరకు క్లాక్ టవర్ దగ్గరికి రా. మైకు పట్టుకునేదానికి మనిషి కావాల.