మ.రా.రా.శ్రీ ఫోల్డు గారికి

మ.రా.రా.శ్రీ ఫోల్డు గారి సముఖమునకు,

బెంగళూరు, మున్నేకొళాల నుంచి మీ చిరకాల భక్తుడు రాయునది. ఉభయకుశలోపరి.

ముక్కలు బోర్లించి ఆ చేతికి తప్పుకోవడమే మీ పేరు. మా ఇంట్లో మీరు మూడు తరాలుగా ఉన్నారు. మా తాతయ్య రచ్చబండ మీద రమ్మీలో నూట ఒకటి ఆట ఆడేవారు. పదమూడు ముక్కలూ విప్పి చూసి, ఒక నిట్టూర్పు విడిచి, 'స్కూటు' అని బోర్లించేసేవారు. మొదటే పడేస్తే మీద పడేవి 20 పాయింట్లు, మధ్యలో పడేస్తే 40, దొరికిపోతే 80 దాకా. ఆ లెక్కలో మీరు మహానుభావులు. రమ్మీ మూడుముక్కలాటలా ఉత్త అదృష్టం కాదని, ప్రధానంగా నైపుణ్యంతో ఆడేదని సికింద్రాబాదు క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది. ఆ నైపుణ్యంలో సగం మీదేనని తాతయ్య నమ్మకం.

మిమ్మల్ని రమ్మీలోంచి పోకర్‌లోకి మోసుకొచ్చానే, చిక్కంతా అక్కడే మొదలైంది. రమ్మీలో మీకో రేటుంది. పోకర్‌లో ఉచితంగా కనిపిస్తారు. ఆ ఉచితం ఖరీదెంతో బావ వచ్చాక తెలిసింది.

బావంటే మా రూమ్మేటు బావ. ఊరు తెనాలి, ఉద్యోగం సేల్సు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2025 ఆగస్టులో పార్లమెంటు నిషేధించాక ఫోను పక్కన పడేసి మా శనివారం బల్ల మీద పడ్డాడు. మా దగ్గర పైసా ఆడదు. మనిషికి 200 చింతపిక్కలు, అవి అయిపోయినవాడు ఆదివారం గిన్నెలు తోమాలి. చేతికి రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి ఐదు. బావకి ఆ చేతిలో రెండూ కూడా అనవసరం. సగం చూసీ చూడకుండానే పిక్కలు తోసి, నాలుక చివరున్న మాట వదుల్తాడు: "ఏం తమ్ముడూ, చూస్తావా, మూస్తావా?"

చూడటమంటే ఆయన తోసినన్ని పిక్కలు నేనూ పెట్టడం, మూయడమంటే ముక్కలు పడేసి తప్పుకోవడం. మూసేవాణ్ణి. అంతా మీ దయ.

నాలుగు ఆదివారాలు వరసగా బూడిద రంగు స్క్రబ్బరుతో సాంబారు గిన్నె అడుగు గీకాక ఒక అనుమానం వచ్చింది. ఐదో శనివారం కరెంటు బిల్లు వెనక గీతలు పెట్టాను. ఇరవై చేతుల్లో, అంటే ఇరవై పంపకాల్లో, పదహారుసార్లు రెయిజ్ చేశాడు, పందెం పెంచాడన్నమాట. మొదటి రెండు ముక్కలు జత పడేదే 17 చేతులకోసారి. రెండూ ఆసులు పడటమైతే 221కి ఒకటి. ఈయనకి మాత్రం ప్రతి చేతికీ లక్ష్మీదేవి ఎలా తిష్ట వేస్తుందండీ? ఇంకో లెక్క కూడా కట్టాను. పాట్‌లో, అంటే మధ్య కుప్పలో, ఎన్ని పిక్కలున్నాయో అన్ని తోశాడనుకోండి, నేను సగానికి మించి మూస్తే చాలు, ఆయన చేతిలో ఏ చెత్త ఉన్నా లాభమే. అంటే ఆయన్ని పోషించింది మీరూ నేనూ.

అందరూ నన్ను ధైర్యం తెచ్చుకోమన్నారు. తెచ్చుకుని ఒకసారి చేతిలో ఏమీ లేకుండానే పెంచి బ్లఫ్ కూడా చేశాను. మూయడం తెలియని మనిషి దగ్గర బ్లఫ్ చెవిటివాడి ముందు శంఖం. మీద ఇంకో రెయిజ్ పడింది. కావలసింది ధైర్యం కాదు, కుర్చీ. ఆట ఎడమకి తిరుగుతుంది కాబట్టి బావకి ఎడమ పక్కన కూర్చుంటే ఆయన తోశాకే నా వంతు వస్తుంది. ఆ కుర్చీ కాలు విరిగింది, ఇటుక ఆనించి వేశారు. అయినా అదే పట్టాను.

మీకు కోపం రాకూడదు, మిమ్మల్ని పూర్తిగా మానేయలేదు. ఆరు-ఏడు లాంటి వరస ముక్కలతో చవగ్గా చూద్దామనుకునే రోజులు బావ వచ్చాక పోయాయి, అక్కడ మీరు ఇదివరకటికంటే ఎక్కువే పనికొస్తున్నారు. పెద్ద ముక్కలు పట్టుకుని లోపలికెళ్ళాకే మిమ్మల్ని గుమ్మం బయట నిలబెట్టాను.

ఆ చేయి చెబుతాను. నాకు ఇస్పేటు రాణి, ఇస్పేటు పది. బావ ఆరు తోశాడు, చూశాను. మిగతావాళ్ళవి మూడు కలిపి కుప్ప 15. బల్ల మీద ఆఠీన్ రాజు, డైమన్ పది, కళావరు మూడు. బావ 15. చూశాను. డైమన్ ఆరు పడింది. బావ 45. చూశాను. చివరికి ఇస్పేటు ఆసు. నా పదుల జత మీద రాజూ ఆసూ ఎక్కి కూర్చున్నారు. బావ మిగిలిన 134 పిక్కలూ మోచేత్తో నెట్టాడు. రెండు పిక్కలు జారి బల్ల కిందకెళ్ళాయి.

"చూస్తావా, మూస్తావా?"

మీరు నా చెవిలో తాతయ్య గొంతుతో నిట్టూర్చారు. నేను లెక్క చూసుకున్నాను: 134 పెడితే 269 వస్తాయి, మూడింట ఒక్కసారి నెగ్గినా గిట్టుబాటే. "చూస్తా" అన్నాను. కళావరు ఎనిమిది, కళావరు ఐదు. ఏమీ లేదండీ! నాలుగు వారాలుగా నేను తోమిన గిన్నెలన్నీ ఆ రెండు ముక్కల్లో కనిపించాయి.

ఇక్కడే నాకు కాస్త మదమెక్కింది. ఇంటి ఓనరు అడ్వాన్సు ఎనిమిది నెలల నుంచి పదికి పెంచమని, లేదంటే ఇంకో పార్టీ రెడీగా ఉందని అన్నాడు. "అయితే వాళ్ళకే ఇచ్చుకోండి సార్" అన్నాను, అచ్చం బావని చూసినట్టే. ఆదివారం పొద్దున్నే టాటా ఏస్‌లో ఆ పార్టీ దిగింది, కుక్కపిల్లతో సహా. ఓనరు ఏడాదికోసారి నోరు విప్పే మనిషి. అలాంటివాడు తోస్తే నమ్మాలని ఒక్క క్షణం ఆలోచించలేదు. అప్పుడు మీరెక్కడున్నారు? నేనే కదా గెంటాను. ఈ మున్నేకొళాల అడ్రసు ఆ చలవే.

మొన్న శనివారం సంగతి ఇది. బావ మాట్లాడలేదు. మంచినీళ్ళు తాగాడు. ఏమీ తోయకుండా చెక్ అని వంతు దాటించాడు, మళ్ళీ చెక్ అన్నాడు. చివర్లో బుద్ధిగా ఇరవై పిక్కలు లెక్కపెట్టి ముందుకు జరిపాడు. చూస్తావా మూస్తావా లేదు, తమ్ముడూ లేదు. నా దగ్గర రెండు జతలు. అలవాటు కొద్దీ రెయిజ్ చేసి, ఆయన మీద తోస్తే ఉన్నవన్నీ పెట్టి మరీ చూశాను. బావ చేతిలో రెండు ఆసులు, బల్ల మీద మూడోది.

సాంబారు గిన్నె మళ్ళీ నాకే వచ్చింది.

ఈ శనివారం తొమ్మిదికి ఆట. వీలుచేసుకుని రాగలరు. ఎడమ పక్క కుర్చీ మనదే, ఇటుక చూసుకుని కూర్చోండి.

ఇట్లు,
మీ విధేయుడు