మావత్తు కనబడని వారం

ముప్పై నాలుగేళ్ళ పాటు ప్రభుత్వ కార్యాలయంలో కాగితాలు చదివి, వాటిలో రాసినదానికంటే రాయనిదానిని పట్టుకోవడమే వృత్తిగా బతికి, సూపరింటెండెంటు హోదాలో పదవీ విరమణ చేసిన నాకు రెండో తరగతి పిల్ల డైరీ ఒక లెక్కా అనుకున్నాను. మనసులో అనుకుని ఊరుకుంటే సరిపోయేది. శిక్షణ కోసం వారం రోజులు హైదరాబాదు వెళ్తున్న మా కోడలితో పైకి కూడా అన్నాను. మా అబ్బాయి అప్పటికే ఆఫీసు పని మీద చెన్నైలో ఉన్నాడు. "మామయ్యగారూ, ఈ వారం స్కూల్లో రోజుకో కార్యక్రమం ఉంది, డైరీ తప్పకుండా చూడండి" అని ఆ అమ్మాయి గుమ్మం దగ్గర మూడుసార్లు చెప్పింది. నేను మూడుసార్లూ నవ్వాను.

మా మనవరాలు చదివేది గుంటూరులో క్యాథలిక్ మఠకన్యలు నడిపే ఒక ప్రాథమిక పాఠశాల. ఆవరణ మధ్యలో వేపచెట్టు, దాని పక్కన రాళ్ళతో కట్టిన చిన్న గుహ, గుహలో నీలం నడికట్టు కట్టుకున్న మరియమాత, గేటు దగ్గర ఎండకూ వానకూ ఒకే గొడుగు పట్టుకుని నిలబడే ప్రిన్సిపల్ సిస్టరుగారు. పిల్లల్లో సగానికి పైగా మాలాంటి ఇళ్ళ నుంచి వచ్చినవారే అయినా, ఇంటికి వచ్చి పరలోక జపం, లలితా సహస్రనామంలో వచ్చినంత వరకు ఒకే ఊపులో అప్పజెప్పడం వారికి అలవాటే.

జూలై 26న అన్నమ్మ, యోవాకీముల పండుగ. వీరిద్దరూ మరియమాతకు తల్లిదండ్రులు, అంటే ఏసుక్రీస్తుకు అమ్మమ్మా తాతయ్యా. బైబిలులో వీరి ప్రస్తావన లేదు, రెండో శతాబ్దపు రచన ఒకదాని నుంచి వీరి పేర్లు సంప్రదాయంలోకి వచ్చాయి. మన తెలుగునాట సెయింట్ ఆన్స్ పేరుతో బడులు, కాలేజీలు ఊరూరా ఉన్నా, ఆ ఆన్ ఎవరో కాదు, ఒక అమ్మమ్మగారేనని నాకు అరవై నాలుగేళ్ళ వయసులో తెలిసింది. 2021లో పోప్ ఫ్రాన్సిస్ జూలై నెల నాలుగో ఆదివారాన్ని తాతలకు, బామ్మలకు, వృద్ధులకు ప్రపంచ దినంగా ప్రకటించిందీ ఈ పండుగను పురస్కరించుకునే. ఆ బడివారు ఒక రోజుతో సరిపెట్టుకోక సోమవారం నుంచి శనివారం దాకా తాతాబామ్మల వారం జరపాలని నిశ్చయించారు. అనగా, నన్ను గౌరవించడానికి ఏర్పాటైన వారం అది.

సోమవారం ప్రత్యేక ప్రార్థన, బీద పిల్లల డబ్బాలో ఒక రూపాయి. అది చక్కగా జరిగిపోయింది. మంగళవారానికి డైరీలో "ఆకులు 5" అని ఉన్నది. నేను స్వయంగా బజారుకు వెళ్ళి, లేత తమలపాకులు ఎంచి తెచ్చి, తొడిమలు తుంచి, తడిగుడ్డతో తుడిచి, ఐదింటినీ ఒకదానిపై ఒకటి పేర్చి పంపాను. సాయంత్రం డైరీలో తెలుగు టీచరుగారి ఎర్రసిరా వచ్చింది: "ఐదు రకాల చెట్ల ఆకులు అని అర్థం. దయచేసి సందర్భాన్ని బట్టి గ్రహించగలరు." నా సర్వీసు మొత్తంలో నేను మెమోలు ఇచ్చానే గాని పుచ్చుకున్నవాడిని కాను. ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. ఇక మీదట అక్షరం పట్టుకుని వేలాడేది లేదనీ, ప్రతి మాటకూ సందర్భం ఆలోచించి తీరతాననీ ఒట్టు పెట్టుకున్నాను.

బుధవారం "తాతయ్య పాత వస్తువు 1." బడిలో ప్రదర్శన పెడుతున్నారు. మా నాన్నగారి ఇత్తడి మరచెంబును చింతపండుతో తోమించి, పాత పంచెలో చుట్టి, మనవరాలి చేతికి ఇచ్చాను. దానికి అది బరువు అనిపించిందట. మరచెంబును సోఫా వెనుక భద్రంగా దాచి, ఇంట్లో తన లెక్క ప్రకారం అన్నిటికంటే పాతదైన నా వస్తువును, అంటే దినపత్రిక మీద పెట్టిన నా కళ్ళజోడును, పట్టుకుపోయింది. నాకు రెండో జోడు ఉండవలసింది, ఉండేది కూడా. మే నెలలో దాని మీద నేనే కూర్చున్నాను. ప్రదర్శనలో పెట్టినవి శనివారం సభ ముగిశాక తిరిగి ఇస్తారని మనవరాలు చెప్పింది. వెళ్ళి అడిగి తెచ్చుకోవచ్చు గాని, మెమో తిన్న మర్నాడే అదే గేటు దగ్గర నిలబడి కళ్ళజోడు అడగడానికి మనసొప్పలేదు.

మా ఆవిడ ఎదురింటి మేడ మీద ఆరేసిన చీర అంచు రంగు చెప్పగలదు, కాని చేతిలోని కాగితం చదవలేదు. అందువల్ల శుక్రవారం రాత్రి, మనవరాలు నిద్రపోయిన తరువాత, శనివారం సభకు సంబంధించిన డైరీ పుటను ట్యూబులైటు కింద చేయి చాచినంత దూరం పెట్టుకుని నేనే చదవవలసి వచ్చింది. పెన్సిలు రాత, పిల్లచేతి రాత. నాలుగు వరుసలు ఉన్నాయి.

అన్నమ 1. గుడ్డ 1. కర్ర 1. తెల్ల పొడి కొంచెం.

మొదటి పదం దగ్గర ఆగాను. అన్నమ అనే మాట తెలుగులో లేదు. పిల్ల చివర కొమ్ము ఇవ్వడం మరిచిపోయిందని, అది అన్నము అని తేల్చడానికి నాకు అర నిమిషం పట్టలేదు. మిగిలిన మూడు వరుసలూ వాటంతట అవే విడిపోయాయి. అన్నము ఒక గుండిగ. గుండిగ మూతికి వాసెన కట్టడానికి గుడ్డ ఒకటి. కలపడానికీ వడ్డించడానికీ కర్ర, అంటే తెడ్డు. తెల్ల పొడి ఉప్పు కాక మరేమిటి? కొంచెం అని ప్రత్యేకంగా రాయించారంటే, సభకు వచ్చేది రక్తపోటు ఉన్న తాతలూ బామ్మలూ గనుక ఉప్పు తగ్గించమన్న మాట. సిస్టర్ల ముందుచూపుకు ముచ్చటపడి మా ఆవిడను పిలిచాను. ఉత్త అన్నం ఎవరు పట్టుకెళ్తారు, సందర్భాన్ని బట్టి అది పులిహోర అయి ఉంటుందని ఆమె తేల్చింది. శ్రావణ మాసం తొలి శుక్రవారం ఆనాడే కావడంతో చింతపండు, ఇంగువ, ఆవాలు ఇంట్లో సిద్ధంగానే ఉన్నాయి.

న్యాయానికి, హెచ్చరికలు లేకపోలేదు. వారం రోజులుగా మనవరాలు అన్నం తింటూ, స్నానం చేస్తూ, "యోవాకీమూ, ఏడవకు" అంటూనే ఉంది. యోవాకీము అనే పిల్లవాడెవరో తరగతిలో రోజూ ఏడుస్తున్నాడని నేను, మా ఆవిడ ఎంతో జాలిపడ్డాం. పాపం వాడికి తల్లి లేదేమోనని కూడా అనుకున్నాం.

తరగతిలో నలభై ఇద్దరు పిల్లలు. మూడు కిలోల బియ్యం, అరకిలో చింతపండు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, అన్నం పలుకుగా వార్చి, రెండు వెడల్పాటి పళ్ళాలలో ఆరబోసి, పసుపూ పచ్చినూనే చల్లి, మెతుకు మెతుకునూ వేళ్ళ కొసలతో విడదీసి, పులుసు దగ్గరపడ్డాక దించి కలిపి, శనగపప్పూ మినప్పప్పూ వేరుశనగ గుళ్ళూ ఎర్రగా వేగే వేళకు గుంటూరు ఎండుమిర్చి, ఇంగువ వేసిన ఆ తాలింపు చప్పుడుకు మా మనవరాలు లేచి కూర్చుంది. చివరన ఆవపిండి కలిపాక గుండిగ మూతికి తెల్లటి తుండుగుడ్డ బిగించి కట్టాం. గుడ్డనూ తెడ్డునూ చూసిన పిల్ల, తనకు కావలసినవన్నీ వస్తున్నాయని నిశ్చింతగా యూనిఫాం తొడుక్కుని ఆటో ఎక్కింది. తెడ్డు ఎందుకని అడగలేదు. దానికి కావలసింది కర్ర, తెడ్డూ కర్రే కదా!

గేటు దగ్గర పిల్లల బ్యాండు మోగుతోంది. నేను ముందుగా దిగి సిస్టరుగారికి నమస్కరించాను. ఆవిడ కంగారుగా ఎదురొచ్చారు.

"తాతగారూ, అన్నమ్మ వచ్చిందా?"

ఆ డప్పుల మోతలో నాకు వినబడవలసిందే వినబడింది. "వచ్చిందండీ."

"రెడీయేనా?"

"తెల్లవారకముందే రెడీ అండీ. ఇంకా వేడి మీదే ఉంది."

"అయ్యో, జ్వరమా?"

"జ్వరాలకు కూడా నోటికి హితవుగా ఉంటుందండీ" అన్నాను, ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో అంతగా ఆలోచించకుండా.

"ఇప్పుడు ఎక్కడుంది?"

"ఆటోలోనే ఉందండీ. మూతికి గుడ్డ కట్టి, కదలకుండా కాళ్ళ మధ్య బిగించి పట్టుకుని తెచ్చాం. డైరీలో చెప్పినట్టు కర్ర కూడా తెచ్చాం."

సిస్టరుగారు సిలువ గుర్తు వేసుకుని, గొడుగు అక్కడే పడేసి ఆటో వైపు పరుగెత్తారు. ఆ వయసులో అంత వేగం నేను ఊహించలేదు. ఆటోలో గుండిగ మీద ఒక చేయి వేసి కూర్చున్న నా మనవరాలు, "గుడ్ మార్నింగ్ సిస్టర్, నేనే అన్నమ్మ" అన్నది. అప్పుడు నాకు కాళ్ళ కింద నేల కాస్త కదిలింది. ఆవిడ పిల్లను చూసి, గుండిగను చూసి, నన్ను చూశారు. పాతికేళ్ళుగా చిన్నపిల్లల మధ్య ఉన్నవారు గనుక ఏమీ అనలేదు.

నాటకం పది నిమిషాలలో మొదలు కావాలి. అన్నమ్మకు ముసలి వేషం లేదు, తలగుడ్డ లేదు, చేతికర్ర లేదు, జుట్టు నెరిపించే పౌడరు లేదు. ఈసారి సందర్భాన్ని గ్రహించింది మా ఆవిడే. గుండిగ మూతికి కట్టిన గుడ్డ విప్పి, రెండుసార్లు దులిపి, పిల్ల తలకు ముసుగు వేసింది. ఆవిరికి దాని మధ్యలో పళ్ళెమంత పసుపు మరక పడి ఉంది. తెడ్డు చేతికర్ర అయింది, కాకపోతే చివర నాలుగు మెతుకులు అంటుకుని ఉన్నాయి. తెల్ల పొడి సంగతి తెలుగు టీచరుగారు చూసుకున్నారు. నల్లబల్ల తుడిచే డస్టరును తెచ్చి పిల్ల నెత్తి మీద మూడుసార్లు తట్టారు. ఆ తట్టడంలో తమలపాకుల బాకీ కొంత తీరినట్టు నాకు తోచింది.

కథ చిన్నది. పిల్లలు లేని దుఃఖంతో యోవాకీము ఎడారికి వెళ్ళిపోతాడు, బిడ్డ పుట్టబోతోందని దేవదూత చెప్పాక తిరిగి వస్తాడు, యెరూషలేము బంగారు ద్వారం దగ్గర అన్నమ్మ ఎదురేగి కౌగిలించుకుంటుంది. రెండు బల్లలకు బంగారు కాగితం అంటించి ద్వారం కట్టారు. దూది గడ్డంతో యోవాకీము వచ్చాడు. నా మనవరాలు తెడ్డు పొడుచుకుంటూ వెళ్ళి, పాత్రలో పూర్తిగా లీనమై, వాడి ముఖాన్ని తన ముసుగుకేసి అదుముకుంది. ఆ గుడ్డలో రెండు గంటల పాటు ఇంగువ, ఆవఘాటు, మిరపతాలింపు ఊరి ఉన్నాయి. యోవాకీము మొదట గాలి పీల్చాడు, తరువాత వరుసగా ఏడు తుమ్ములు తుమ్మాడు. మూడో తుమ్ముకు గడ్డం ఊడి ముందు వరుసలోని విచారణ గురువుగారి, అంటే చర్చి ఫాదరుగారి, ఒడిలో పడింది. వాడి కళ్ళ వెంట ధారగా నీళ్ళు కారుతుండగా, అన్నమ్మ తడుముకోకుండా, వారం రోజులు నేర్చిన మాటను గట్టిగా పలికింది.

"యోవాకీమూ, ఏడవకు!"

తాతలూ బామ్మలూ చప్పట్లు కొట్టడమే కాదు, ఇద్దరు ముగ్గురు పైటచెంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. పసివాడు అంత నిజంగా ఏడవడం ఏ నాటకంలోనూ చూడలేదని మా పక్కనున్న పెద్దావిడ అన్నారు. ముసుగు విప్పడంతో మూత లేని గుండిగ వేపచెట్టు కింద నిలబడి తన పని తాను చేస్తోంది. గురువుగారు ప్రసంగం ఐదు నిమిషాలలో ముగించారు. కార్యక్రమ పత్రంలో కేకు, బిస్కట్లు అని మాత్రమే ఉన్నా, పావుగంటలో గుండిగ అడుగు కనబడింది. ఉప్పు కాస్త తగ్గిందని ఒక్కరు కూడా అనలేదు, నేను తప్ప.

చివరన ప్రదర్శన బహుమతులు చదివారు. మూడో బహుమతి నా కళ్ళజోడుకు వచ్చింది. దాని ముందు పెట్టిన అట్టముక్క మీద "పూర్వకాలపు కళ్ళజోడు, తాతయ్యది" అని ఉన్నది. వేదిక ఎక్కి ఒక పెన్సిలు పెట్టె స్వీకరించి, బహుమతి పొందిన పురావస్తువును అక్కడే ముక్కు మీద పెట్టుకుని దిగాను.

ఇంటికి రాగానే డైరీ తెరిచాను. అన్నమ్మ అన్న మాటలో మకు కింద మావత్తు ఉంది. చీమ తలకాయంత ఉంది, కాని పిల్ల రాసింది. తప్పు దానిది కాదు. ఆ కిందనే సోమవారానికి కొత్త వరుస, "28. అల్ఫోన్సా 1." ఈసారి నేను సిద్ధంగా ఉన్నాను. కేరళకు చెందిన పునీత అల్ఫోన్సా పండుగ జూలై 28న అని, పునీతురాలిగా ప్రకటితమైన మొదటి భారతీయ స్త్రీ ఆవిడేనని, అది 2008లో జరిగిందని ఆ ఉదయమే సిస్టరుగారి నోట విన్నాను. కాబట్టి సందేహానికి తావు లేకుండా, ఒత్తులతో సహా, గట్టిగా పైకి చదివాను.

"అల్ఫోన్సా, ఒకటి!"

వంటింట్లోంచి మా ఆవిడ తడిచేతులతో బయటకు వచ్చింది. "శ్రావణంలో ఆ మామిడిపళ్ళు ఎక్కడ దొరుకుతాయండీ? బంగినపల్లే అయిపోయి నెల దాటింది. అయినా ఒకటి అని రాశారని ఒక్కటే పంపుతామా? సందర్భాన్ని బట్టి మనమే గ్రహించాలి గాని" అంటూ పళ్ళకొట్టతనికి ఫోను కలిపింది.