పదహారో ఎపిసోడ్‌లో విమానం ఎక్కించకండి బాబూ!

పదహారు ఎపిసోడ్ల కొరియన్ ప్రేమ డ్రామా పదిహేనో ఎపిసోడ్ దాకా బాగానే ఉంటుంది. రాత్రి రెండైనా కళ్ళు నులుముకుంటూ కూర్చుంటాం. హమ్మయ్య, కలిశారు అనుకునేలోపు హీరోగారికి అమెరికా గుర్తొస్తుంది! ఇన్నాళ్ళూ లేని పైచదువు ఇప్పుడే ఎందుకయ్యా? తెర మీద 'ఏడాది తర్వాత' అని పడుతుంది. ఆ ఏడాదిలో ఒక్క ఫోన్ కాల్ ఉండదు. చేతిలో మాత్రం సరికొత్త మడత ఫోన్, కెమెరాకి తిప్పి మరీ చూపిస్తారు.

ఇక హీరోయిన్ మణికట్టు పట్టుకుని లాక్కెళ్ళడం. ఒకడు ఈ చెయ్యి, ఇంకొకడు ఆ చెయ్యి. అది మనిషా, లాగుడు పందెం తాడా? ఖాళీ రోడ్డు మీదికి ఎక్కడినుంచో తెల్ల లారీ వస్తుంది. హీరోయిన్ హెడ్‌లైట్ల వంక చూస్తూ అలాగే నిలబడిపోతుంది. పక్కకి జరగొచ్చుగా తల్లీ!

జపాన్ డ్రామాల వాళ్ళతో ఇంకో బాధ. పది పదకొండు ఎపిసోడ్లలో ముగిస్తారు, అంతవరకు దణ్ణం పెట్టాలి. కానీ తొమ్మిదో ఎపిసోడ్ దాకా "అనో... అనో..." (మన 'అదీ... అదీ...' లాగా) అని నీళ్ళు నములుతారు. చెప్పి చావు నాయనా! తీరా ముద్దు పెడితే ఆ అమ్మాయి కళ్ళు తెరుచుకుని కరెంటు స్తంభంలా బిగుసుకుపోతుంది.

యోకో కామియో మాంగా (జపాన్ బొమ్మల కథ) 'హనా యోరి డాంగో'నే చూడండి, రెండు దేశాల వాళ్ళూ డ్రామాగా తీశారు. జపాన్ 2005, 2007 సీజన్లు రెండూ కలిపి 20 ఎపిసోడ్లు. కొరియా 2009లో 25 చేసింది, అవీ గంటకి పైనే. ఇక మన సీరియల్ వాళ్ళ చేతికి చిక్కితే అంతే సంగతులు.

సరే, శనివారం కొత్తది మొదలవుతోంది. అందులోనూ తెల్ల లారీ కనిపించిందా...