26 శాతం ఫ్యామిలీ

కోనసీమలో పెళ్లి భోజనం బాగోలేదంటే నాలుగు రోజులు చెప్పుకుని వదిలేస్తారు. పిలుపు బాగోలేదంటే మాత్రం మనవల కాలం దాకా మోస్తారు. ఇంటికొచ్చి బొట్టు పెట్టారా, వీధి గుమ్మంలోంచే చెప్పి పోయారా, శుభలేఖలో ‘సకుటుంబ సపరివార సమేతంగా’ అని వేశారా లేదా, అన్నీ లెక్కలోకొస్తాయి.

అలాంటి చోట మా రావులపాలెం బాబాయి కూతురి పెళ్లికి, వాళ్లబ్బాయి లింకు పిలుపులు మొదలెట్టాడు. వాడు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు. కార్డులు ఎలాగూ పంచుతారు, బొట్టు ఎలాగూ పెడతారు, ఈలోగా ఒక్కొక్కరి వాట్సాప్‌కి ఒక్కో లింకు. నొక్కితే సన్నాయి మోగుతుంది, గోదావరి మీద పడవ కదులుతుంది, పైన వాళ్ల పేరే పడుతుంది. ఆ పేరు లింకు చివర, ప్రశ్నార్థకం తర్వాత రాసి ఉంటుంది: అంబాజీపేట మావయ్య గారు & ఫ్యామిలీ.

సాయంత్రానికి ఫోనొచ్చింది. అంబాజీపేట మావయ్యంటే పెళ్లికూతురికి సొంత మేనమామ. గంపలో కూర్చోబెట్టి మండపానికి తేవాల్సిన మనిషి.

“ఏం బావా, మీ చెల్లెలు మీ గుమ్మం తొక్కకూడదా?”

“అదేం మాట బావా! ఎవరన్నారు?”

“సన్నాయి వాయించి మరీ అన్నారు కదండీ. ‘అంబాజీపేట మావయ్య గారు, తప్పక విచ్చేయండి’ అంట. నేనొక్కణ్ణే అంట.”

వెనకాల నుంచి అత్తయ్య గొంతు: “వెళ్లి రమ్మనండి. నాకు ఇంట్లో ఆవకాయుంది.”

జరిగిందేంటంటే, వెబ్ చిరునామాలో & అనేది ‘ఇక్కడితో ఒక ముక్క అయిపోయింది, ఇంకో ముక్క మొదలు’ అనే గుర్తు. పేరు ‘గారు’ దగ్గర తెగిపోయింది. ఫ్యామిలీ వేరే ముక్కై పక్కన నిలబడింది, దాన్ని లోపలికి పిలిచిన నాథుడు లేడు. చీకటి పడేసరికి రాజోలు, ముమ్మిడివరం, పాలకొల్లు, అన్ని ఇళ్లల్లోనూ ఆడవాళ్ల అలక. అమలాపురం పెదనాన్న ఒక్కడే పల్లెత్తు మాట అనలేదు. ఎందుకన్లేదో పెద్దమ్మకి తెలీకపోవడమే మంచిది.

“నాన్నా, అదెంత పని! & తీసేసి %26 అని రాస్తే సరి” అన్నాడు బాబాయి కొడుకు. అక్షరాలకీ గుర్తులకీ కంప్యూటరు నంబర్లిచ్చే ఆస్కీ పట్టికలో & స్థానం 38, పదహార్ల లెక్కైన హెక్సాడెసిమల్‌లో రాస్తే 26. ముందు % పెడితే, అది ముక్క తెంచే గుర్తు కాదు, ఉత్త అక్షరమేనని లెక్క. ఖాళీకైతే %20. “2005లోనే రాసి పెట్టారు, వెబ్ చిరునామాల నియమాల పత్రం, ఆర్‌ఎఫ్‌సీ 3986 అని.”

“రాసినవాళ్లొచ్చి మీ అత్తకి చెప్తారేంట్రా?” అన్నాడు బాబాయి.

తెలుగు అక్షరాలకీ ఇదే వేషం. కంప్యూటర్లు అక్షరాల్ని దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో మన గుర్తు ఒక్కోటి 3 బైట్లు, లింకులోకొచ్చేసరికి శాతాలతో కలిపి 9 అక్షరాలు. ‘మావయ్య’లో మ, దీర్ఘం, వ, య, పొల్లు, మళ్లీ య, వెరసి 54. ‘గారు’కి ఇంకో 36. ‘గారు’ తీసేస్తే లింకు పొట్టిదవుతుంది గానీ, ఆ పొదుపు మావైపు చెల్లదు.

%26 పెట్టి మళ్లీ పంపాడు. అయితే లింకులు తయారుచేసే వాడి ప్రోగ్రాములో, అక్షరాల్ని ఇలా శాతాల్లోకి మార్చే పనికి ఎన్‌కోడ్‌యూఆర్‌ఐ అని ఒకటుంది. అది & కనిపిస్తే ముట్టుకోదు, శాతం గుర్తు కనిపిస్తే మాత్రం వదలదు, %25గా మార్చేస్తుంది. దాంతో %26 కాస్తా %2526 అయింది. అవతల విప్పేది ఒక్కసారే కాబట్టి %26 అలాగే మిగిలిపోయింది.

మళ్లీ అంబాజీపేట ఫోను. ఈసారి కోపం లేదు, కొబ్బరి వ్యాపారం గొంతు.

“బావా, ‘మావయ్య గారు 26 శాతం ఫ్యామిలీ’ అని పడింది. మేం నలుగురం. గుమస్తా చేత కట్టించాను, ఒకటీ పాయింటు సున్నా నాలుగు వచ్చింది. ఒక మనిషి సరే, ఆ పైన సున్నా నాలుగుకి ఎవర్ని తేమంటారు?”

“ఆ ఒక్క మనిషీ ఎవరో కూడా అడగండి” అంది అత్తయ్య.

బాబాయి కొడుకు వైపు చూసిన చూపుకి వాడు లాప్‌టాప్ ఎత్తుకుని మేడెక్కాడు. ఎన్‌కోడ్‌యూఆర్‌ఐకాంపొనెంట్ అని ఇంకోటుందట, & ని కూడా వదలదట. చేత్తో పెట్టిన %26లు తీసేసి, మామూలు & రాసి, ఆ రెండోదాన్ని తగిలించాడు. ఈలోగా బాబాయీ పిన్నీ కుంకుమ భరిణె పట్టుకుని కారెక్కేశారు.

వాళ్లు అంబాజీపేట చేరేసరికి కొత్త లింకు కూడా చేరింది. ‘మావయ్య గారు & ఫ్యామిలీ’. అత్తయ్య బొట్టు పెట్టించుకుంది, ఫోను అటూ ఇటూ తిప్పి చూసింది, కాఫీలిచ్చింది.

“అన్నయ్య గారూ, ఫ్యామిలీ అంటే మా అల్లుడు గారు కూడా ఇందులోకే వస్తారాండీ, ఆయనకి విడిగా లింకుందా?”

“ఎందుకు లేదమ్మా, దార్లో ఉంది” అన్నాడు బాబాయి, ఫోను పట్టుకుని పెరట్లోకి నడుస్తూ.