సాకా? సాకు!

బెంగుళూరు మారతహళ్ళిలో కొత్తగా దిగిన తెలుగు కుటుంబం. తొమ్మిదో క్లాసు కుర్రాడు నలుగురిలో నోరు విప్పడు. వాడికి స్నేహితుల్ని సంపాదించిపెట్టే భారం నాన్నగారు నెత్తిన వేసుకున్నారు. అసలు ప్రమాదం అక్కడ మొదలైంది.

మొదటిరోజే స్కూలు గేటు దగ్గర ఓ పిల్లాణ్ణి ఆపి, "మావాడు కాస్త సిగ్గరి బాబూ, కలుపుకోండి" అన్నారు. నలుగురూ తననే చూస్తున్నారన్నదే వాడి భయం. నాన్నగారు ఆ నలుగుర్నీ పోగుచేసి మరీ చూపించారు.

ఆదివారం దర్శినిలో, అంటే నిలబడి తినే చిన్న టిఫిన్ హోటల్లో, సాధన. నిజానికి ఇది మంచి ఉపాయమే. కన్నడంలో "ఒందు (ఒకటి) మసాలె దోసె" అని డబ్బు కట్టాలి, బిల్లు తీసుకెళ్ళి దోసెలాయనకి ఇవ్వాలి, అంతే. ఎదురు ప్రశ్నలు వేసే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు. కుర్రాడికి నోరు పెగలడానికి నాలుగు సెకన్లు కావాలి. మూడో సెకనుకే వెనకనుంచి నాన్నగారు "ఎరడు (రెండు) మసాలె, ఒందు కాఫీ!" అనేశారు. వాడికి ప్రాణం లేచొచ్చింది. చిక్కల్లా అదే. ఊరుకుంటే ఎవరో ఒకరు అందుకుంటారని వాడికి రుజువైపోయింది, మర్నాటికి నోరు ఇంకాస్త బిగుసుకుంటుంది. ఇలాంటప్పుడు పెద్దవాళ్ళు మనసులో పది లెక్కపెట్టాలి. వెనక క్యూ సణిగితే సణగనివ్వండి, "స్వల్ప అడ్జస్ట్ మాడి" (కాస్త సర్దుకోండి) అన్న మాట ఈ ఊళ్ళో ఉన్నదే అందుకు.

(రోజూ బడివేళకే కడుపునొప్పి వచ్చి, సెలవురోజున మాయమై, చివరికి బడే మానేసే దాకా వస్తే దర్శిని చాలదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యాలి.)

అమ్మ క్లాసంతటికీ పులిహోర కడతానంది. నలభై మంది దేనికి? పక్క బెంచీవాడు ఒక్కడు చాలు. వాణ్ణి రోజుకో చిన్న ప్రశ్న అడిగితే సరి: "లెక్కల హోంవర్కు ఎన్నో ఎక్సర్‌సైజు?" జెఫ్రీ హాల్ అనే అమెరికా పరిశోధకుడు 2018లో పెద్దవాళ్ళ మీద, కాలేజీ పిల్లల మీద లెక్కకట్టాడు: పరిచయం ఓ మాదిరి స్నేహం కావాలంటే 50 గంటలు కలిసి గడపాలి. 20 నిమిషాల లంచి లెక్కన 150 రోజులు. నాన్నగారు దసరాకల్లా అయిపోవాలన్నారు.

మూడోవారం పక్కవాడు తనంతట తనే చిత్రాన్నం డబ్బా తెరిచి, ఒక చెంచా మనవాడి మూతలో వేసి "సాకా?" అన్నాడు. కన్నడంలో సాకు అంటే చాలు. మనవాడి చెవిన తెలుగు సాకు పడింది. నేనేం సాకు చెప్పాను? ఆలోచిస్తుండగానే రెండో చెంచా. "సాకా?" మౌనం. మూడోది. అయిదో చెంచాకి మూత మీద గోపురం లేచింది, వేరుశనగపప్పులు ఒక్కొక్కటే జారి సోషల్ పుస్తకం మీద పడ్డాయి. వడ్డించేవాడికేమో, పాపం ఎంత ఆకలిగా ఉన్నాడో అనిపించింది. డబ్బా బోర్లించేశాడు.

సాయంత్రం కొడుకు ఏమీ తిననంటే నాన్నగారు "ఎవడు ఏడిపించాడు?" అంటూ క్లాస్ టీచరు నంబరు వెతికారు. అలా అడిగితే పేరు వస్తుంది గాని సంగతి రాదు. అమ్మ "ఏమైంది?" అని ఒక్కసారి అడిగి, చిక్కుళ్ళు ఒలుచుకుంటూ కూర్చుంది. పావుగంటకి చిత్రాన్నం బయటికొచ్చింది. పక్కింటి కన్నడావిడ అర్థం చెప్పింది.

మర్నాడు అవతలివాడు డబ్బా మూత తియ్యకముందే మనవాడు "సాకు!" అన్నాడు. వాడు పడీపడీ నవ్వాడు, వీడూ నవ్వాడు.

ఇంకా నలభై అయిదు గంటల చిల్లర ఉంది.